షార్ట్‌స్టాప్ చుట్టూ సున్నపు గీత

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిశాక. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోతే చదివేవాళ్లు సర్దుకోవాలి. ఒక్కో కాగితం నిండడానికి నాకు బోలెడు పొద్దు పడుతుంది, అందుకని చుట్టు తిప్పకుండా చెప్తాను. ఇది జుజానా హుడాక్ కథ. మా ఆయన కూడా ఆ జట్టులోనే ఆడేవాడు కాబట్టి మధ్యలో ఆయన కూడా వస్తాడు. కొంత జుజానా నోట విన్నాను, కొంత కళ్లారా చూశాను.

కార్వెల్ అమెరికాలో ఒక బొగ్గు గనుల ఊరు. అక్కడ మగవాడు నేల కిందకి దిగకుండా బతకడానికి దారులు తక్కువ. వాటిలో బేస్‌బాల్ ఒకటి. మా ఊరి జట్టు జీతాల జట్టు. జుజానా మొగుడు మాతే అందులో షార్ట్‌స్టాప్. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ నిలబడి, నేల మీద దూసుకొచ్చే బంతిని పట్టి మొదటి బేస్‌కి విసరడం అతని పని. ఆ నడుమ చోటు చాలా పెద్దది. మాతే అదంతా తన సొంత పొలం అనుకునేవాడు. బంతి ఎటు పోయినా అక్కడికి ఎలాగో చేరేవాడు. పొట్ట మీద పడి, చేయి చాచి, వేళ్ల కొసలతో అందుకునేవాడు.

అలా అందిన బంతి ఒక్కోసారి జారేది. జారితే మెట్ల మీద కూర్చుని లెక్క రాసే పేపరాయన మాతే పేరు పక్కన ఒక తప్పు వేసేవాడు. అదే బంతిని కదలకుండా నిలబడి చూస్తే తప్పు లేదు, అది కొట్టినవాడి గొప్ప కింద పోయేది. ముట్టుకున్నవాడికే తప్పు. ముట్టుకోనివాడు కడిగిన ముత్యం. లీగ్ అంతటా అదే కొలత. సోమవారం సోమవారం ఆ కొలత పేపర్లో పడేది, దాన్ని బట్టే ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేలేది.

జట్టు మేనేజర్ డెలానీకి ఒక బావమరిది ఉన్నాడు, ఎల్వుడ్ ప్రూయిట్ అని. చక్కగా దువ్విన తల, ఆడపిల్ల పాదాల్లాంటి చిన్న పాదాలు, చొక్కాకి మట్టి అంటనివ్వని మనిషి. ఒక సోమవారం డెలానీ మాతేని పిలిచి పేపర్ ముందు పెట్టాడు.

"ఇది నేను రాసింది కాదు మాతే. నువ్వే చూడు. లీగ్ మొత్తం మీద ఎక్కువ తప్పులు నీవే."

"ఎక్కువ బంతులు అందుకున్నదీ నేనే కదా మిస్టర్ డెలానీ."

"దానికి ఇందులో గడి లేదయ్యా," అన్నాడు డెలానీ.

మర్నాటి నుంచి ఆ చోట ప్రూయిట్ నిలబడ్డాడు. మాతే దీపం టోపీ పెట్టుకుని గనిలోకి దిగాడు. ఆ చలికాలంలోనే రెండు బొగ్గు బళ్ల మధ్య అతని కుడి చెయ్యి పడింది. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

ఆ చేతికి కట్టు మార్చిన ప్రతిసారీ జుజానా ప్రూయిట్ పేరును పళ్ల మధ్య పెట్టి నమిలేది. గని మీద ఆమెకి కోపం రాలేదు. గని ఎవరినైనా నలుపుతుంది, దానికి మనిషీ మొహమూ తెలియవు. ప్రూయిట్ అలా కాదు. ఒకడి చోటులోకి వచ్చి నిలబడి, ఆ చోటుని వాడుకోను కూడా లేదు. ఆమె కోరిక ఒకటే. ప్రూయిట్ మీది మెట్టు ఎక్కకూడదు. పెద్ద లీగ్ వాళ్లు వాణ్ని కొనుక్కుని పట్నం రైలెక్కించకూడదు. వీలైతే మాతే దిగిన చోటికే వాడూ దిగాలి.

ఆ కోరికకి తగ్గ పని ఆమె చేతిలోనే ఉంది. ఆటస్థలం చూసుకునేది ఆమె తండ్రి ఓండ్రే. ముసలాయన మోకాళ్లు పోవడంతో పేరు ఆయనది, పని ఈమెది. గడ్డి కొయ్యడం, మట్టికి దంతె పట్టడం, నీళ్లు చల్లడం, రోలరు లాగడం, సున్నంతో గీతలు వెయ్యడం అన్నీ జుజానా చేసేది. ముసలాయన కంచె దగ్గర పీట మీద కూర్చుని పైపు కాలుస్తూ కేకలేసేవాడు.

ఎండలు మొదలవగానే ఆమె గడ్డిని నేలకంటా కోసేసింది. నీళ్లు మానేసింది. రోలరు మీద రోలరు లాగి మట్టిని పెనంలా చేసింది. గడ్డి ఒత్తుగా ఉంటే బంతి మెల్లగా వస్తుంది, బద్ధకస్తుడు కూడా అందుకుంటాడు. నేల గట్టిపడితే బంతి తుపాకీ గుండులా వస్తుంది. అప్పుడు ప్రూయిట్ బండారం బయటపడుతుందని ఆమె లెక్క.

"ఏంటమ్మాయ్ ఇది, ఆటస్థలమా, నాట్యం చేసే చెక్క నేలా?" అన్నాడు ఓండ్రే.

"నువ్వు పైపు కాల్చుకో నాన్నా."

"కాల్చుకుంటాలే. ఎవడి పళ్లో రాలితే మాత్రం నా దగ్గరికి రాకు."

బంతులు నిజంగానే తుపాకీ గుండ్లయ్యాయి. ప్రూయిట్ కుడి పక్క నుంచి ఒకటి, ఎడమ పక్క నుంచి ఒకటి దూసుకుపోయేవి. అతను తల తిప్పి చూసేవాడు, అంతే. బంతి మరీ వేగంగా పోయింది కాబట్టి పేపరాయన దాన్ని కొట్టినవాడికే రాసేవాడు. మెల్లగా కాళ్ల దగ్గరికి వచ్చినవి మాత్రం ప్రూయిట్ నీటుగా పట్టి విసిరేవాడు. ముట్టుకునేవి తగ్గాయి, తప్పులూ తగ్గాయి. వేసవి నడుమకి వచ్చేసరికి పేపర్లో ప్రూయిట్ పేరు లీగ్ షార్ట్‌స్టాప్‌లందరి మీదా ఉంది. జుజానాకి చదువు రాదు. పచారీ కొట్లో ఎవరో పైకి చదువుతుంటే విని, చేతిలో గంప అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేసింది.

నష్టపోయింది వేరేవాళ్లు. మూడో బేస్ దగ్గర ఆడేది మా ఆయన ఆంద్రెయ్. ఆయనకి బంతిని వదిలెయ్యడం తెలియదు. ఆ పెనం మీద నుంచి ఎగిరిన బంతి ఆయన గుండె మీద తగిలేది, దవడ మీద తగిలేది. తగిలిన ప్రతిదీ తప్పే. అదే పేపర్లో ఆయన పేరు అట్టడుక్కి పోయింది. డెలానీ ఆయన్నీ పంపించేశాడు. మా ఇంట్లో కూడా దీపం టోపీ మేకుకి వేలాడింది. ఆ నేల సంగతి జుజానా నాకు చెప్పింది ఎన్నో ఏళ్ల తర్వాత. అప్పుడు నేనేమన్నానో ఇక్కడ రాయను.

ఆంద్రెయ్‌ని పంపేశారని తెలిసిన రోజే ఆమె రోలరు ఆపేసింది. నేలకి నీళ్లు పోసింది. కానీ అప్పటికే పేపర్ చెయ్యాల్సింది చేసేసింది. పెద్ద లీగ్ జట్టు ఒకటి ప్రూయిట్‌ని చూడడానికి మనిషిని పంపుతోందని ఊరంతా పాకింది. సెప్టెంబరులో కార్మికుల పండగ నాడు వస్తాడు. ఆ రోజు వరసగా రెండు ఆటలు.

ఆ వారంలో ప్రూయిట్ కంచె దగ్గరికి వచ్చాడు. జుజానా మోకాళ్ల మీద కూర్చుని గడ్డి అంచు కత్తిరిస్తోంది.

"ఏమ్మా, మీ నాన్నకి ఇది ఇవ్వు," అని ఒక చుట్ట అందించాడు. "ఈ వేసవి నేల అద్దంలా పెట్టాడు. బంతి ఎంత తిన్నగా వస్తోందో. నేను బాగుపడ్డానంటే అందులో సగం ఆయన చలవే."

జుజానా చుట్ట తీసుకుంది. వెళ్లేవాడి వీపు కేసి చూస్తూ దాన్ని వేళ్ల మధ్య పొడి పొడి చేసింది.

ఇంటికెళ్లాక పిండి ముద్దలు ఉడికించిన హలుష్కి గిన్నె బల్ల మీద పెట్టి మొగుడికి ఎదురుగా నిలబడింది.

"వాడు పట్నం పోతున్నాడు. నేనే పంపుతున్నాను."

మాతే ఎడం చేత్తో చెంచా పట్టుకోవడం ఇంకా అలవాటు చేసుకుంటున్నాడు. "పోనీవే," అన్నాడు.

"ఎందుకు పోనివ్వాలి?"

"నా వేళ్లు వాడు తిన్నాడా ఏంటి? వదిలెయ్ జుజా."

"నువ్వు వదిలెయ్యి. నాకు వదలట్లేదు."

"వదలకపోతే ఏం చేస్తావే? వాడి కాళ్లు విరగ్గొడతావా?"

"విరగ్గొట్టడానికి వాడు కాళ్లు వాడితే కదా," అంది ఆమె. అన్నాక తనన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఆమె ప్రతి ఆటకి ముందూ ఆ మట్టిని దంతెతో చదును చేస్తుంది. ఆట అయ్యాక మళ్లీ దంతె పట్టే ముందు దాని మీద పడిన అడుగుల్ని చూస్తుంది. చూడకుండా ఎలా ఉంటుంది? మాతే రోజుల్లో ఆ నడుమ చోటంతా కోళ్లు కెలికినట్టు ఉండేది. మూలమూలకీ మేకుల బూట్ల గుర్తులే, పొట్ట ఆనిన జాడలే. దంతె పట్టీ పట్టీ ఆమె భుజాలు పోయేవి. ప్రూయిట్ వచ్చాక ఆ పని సగం తగ్గింది. అది తనకి సుఖమనే అనుకుంది ఇన్నాళ్లూ. ఆ సుఖం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తట్టింది.

పండగ రోజు ఆమె నేలని వేళ్లతో నలిపి చూసి మరీ తడిపింది. బురద కాకూడదు, పొడిగానూ ఉండకూడదు. పిచ్చుక వాలినా గుర్తు పడాలి. సన్న పళ్ల దంతెతో పిండి జల్లించినట్టు చదును చేసింది. ఓండ్రేకి అప్పుడు అనుమానం వచ్చింది.

"ఎవరికమ్మా ఈ పక్క వేస్తున్నావు?"

"చుట్టానికి నాన్నా."

మాతేని ఆ రోజు బలవంతాన తీసుకొచ్చింది. జట్టులోంచి పోయాక అతను ఆ కంచె దాటడం అదే మొదలు. చెయ్యి కోటు జేబులో పెట్టుకుని పై మెట్టు మీద కూర్చున్నాడు. పక్కన మా ఆయనా నేనూ.

పట్నం నుంచి వచ్చిన మనిషి పేరు హార్‌గ్రోవ్. ఒకప్పుడు క్యాచర్, పిచర్ విసిరిన బంతుల్ని వెనక కూర్చుని పట్టి పట్టి వేళ్లన్నీ వంకర్లు పోయాయి. డెలానీ ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి చెవిలో దూరిపోయాడు.

"పేపర్లు తెచ్చాను సార్. చూడండి, వేసవి మొత్తం మీద..."

"చూశాన్లే," అన్నాడు హార్‌గ్రోవ్. "అవి చూసే కదా రైలెక్కాను."

మొదటి ఆట మేం ఓడిపోయాం. ప్రూయిట్‌కి ఒక్క తప్పూ లేదు. బంతులు అతని రెండు పక్కల నుంచీ పోయాయి, అతను వాటికి దారి ఇచ్చాడు. వంతు మారినప్పుడల్లా అదే చోట నిలబడే అవతలి జట్టు షార్ట్‌స్టాప్ పెద్ద పాదాల పొడుగు మనిషి. అతను మాత్రం ప్రతిదాని వెంటా పడ్డాడు, చాలా పట్టాడు, కొన్ని జార్చాడు.

"ఆ లంబూగాడికి లెక్కేసుకోండి సార్ ఎన్ని తప్పులో," అని డెలానీ అంటుంటే మా మెట్ల దాకా వినిపించింది.

రెండు ఆటల మధ్య నేల చదును చెయ్యాలి. జుజానా దంతె తీసుకుని బయల్దేరింది. మొదటి బేస్ పక్కంతా చదును చేసింది. పిచర్ దిబ్బ సర్దింది. రెండో బేస్ దాటాక దంతె పక్కన పడేసి సున్నం బండి తెచ్చుకుంది. బేస్ నుంచి బేస్‌కి పరిగెత్తిన వాళ్ల గుర్తులు దారి వెంబడి తిన్నగా ఉంటాయి, వాటి జోలికి పోలేదు. వంగి, గౌను అంచు నడుముకి దోపుకుని, పెద్ద పాదాల గుర్తులు ఎంత దూరం పోయాయో అంత దూరం సున్నం గీస్తూ వెళ్లింది. రెండో బేస్ వెనక నుంచి గడ్డి అంచు మీదుగా దాదాపు మూడో బేస్ భుజం దాకా వచ్చి గీత కలిసింది.

జనానికి ముందు అర్థం కాలేదు. పొట్లాల్లోంచి వేరుశనక్కాయలు తింటూ చూస్తున్నారు.

తర్వాత ఆమె చిన్న పాదాల గుర్తుల చుట్టూ గీసింది. అది గియ్యడానికి బండిని తిప్పడమే కష్టమైంది. పెద్ద గీత లోపల అదొక పళ్లెమంత కనిపించింది.

పిచర్ మూనీ, ఆ వేసవంతా ప్రూయిట్ పక్క నుంచి పోయిన బంతులకి తిట్లు తిన్నవాడు, ముందుగా నవ్వాడు.

"గుంజకి కట్టిన మేక," అన్నాడు గట్టిగా. "అంతే మేసింది."

మెట్ల మీద ఎవడో "మే..." అన్నాడు. తర్వాత వరస వరసంతా అందుకుంది. పిల్లలు, ఆడవాళ్లు, గనుల ఫోర్‌మన్‌లు, చర్చి గంట కొట్టే ఆయన, అందరూ మేకలే. మా ఆయన దవడ నొప్పి పెడుతున్నా అరిచాడు. నేనూ అరిచాను.

డెలానీ కంచె దూకి పరిగెత్తుకొచ్చాడు. "ఏయ్ హంకీదానా, ఏంటా గీతలు? చెరిపెయ్ ముందు." హంకీ అంటే సముద్రం దాటొచ్చిన మాలాంటి వాళ్లని తిట్టే మాట.

"చెరపడానికి దంతె అక్కడుంది మిస్టర్ డెలానీ. మీ బావమరిదిని పట్టమనండి. కాస్త నడిచినట్టు ఉంటుంది."

ప్రూయిట్ అప్పటికే వచ్చి బూటుతో సున్నం రాసేస్తున్నాడు. వెనక నుంచి హార్‌గ్రోవ్ మెల్లగా నడిచొచ్చి అతని భుజం మీద వంకర చెయ్యి వేశాడు.

"ఆగబ్బాయ్. ఆ కాలు ఈ గుర్తులో పెట్టు."

ప్రూయిట్ పెట్టలేదు. పెట్టక్కర్లేదు. ఊరి జనం అందరికీ ఆ పాదాలు తెలుసు. హార్‌గ్రోవ్ చిన్న గీత లోపల నిలబడి అటు చూశాడు, ఇటు చూశాడు. పొగాకు ఊశాడు. అది గీత అవతల పడింది.

"నా ఉమ్ము కూడా నీకంటే దూరం పోయిందిరా," అన్నాడు.

"సార్, కాగితం మీద వీడు..." డెలానీ మొదలుపెట్టాడు.

"కాగితాన్నే నిలబెట్టుకో ఇక్కడ. జీతం కలిసొస్తుంది."

అప్పుడు పై మెట్ల నుంచి ఆంద్రెయ్ లేచి కేక పెట్టాడు. "జుజానా, మాతే గీత ఏదీ?"

అది ఆమె అనుకున్నది కాదు. మాతే గుర్తులు ఆ మట్టిలో ఎప్పుడో పోయాయి. అయినా ఆమె సున్నం బండి మళ్లీ పట్టుకుంది. రెండేళ్లు ఏ మూల దంతె పట్టి చేతులు కాయలు కాశాయో ఆ మూలలన్నీ కలుపుతూ నడిచింది. పెద్ద పాదాల వాడి గీత దాటి గడ్డిలోకి పోయింది, మూడో బేస్ వెనక్కి పోయింది. సున్నం చాల్లేదు. అడుగున ఉన్నది చేత్తో తీసి చల్లుకుంటూ గీత కలిపింది. జనం మేక అరుపులు ఆపేశారు.

"ఇదెవడిది?" అన్నాడు హార్‌గ్రోవ్.

"మా ఆయనది."

"తప్పులెన్ని వాడికి?"

"లీగ్ మొత్తం మీద ఎక్కువ."

"ఉంటాయి," అన్నాడాయన. "ఉండక ఏమవుతాయి. ఎక్కడున్నాడు?"

ఆమె మెట్ల వైపు చూపించింది. మాతే జేబులోంచి చెయ్యి తియ్యలేదు. హార్‌గ్రోవ్ చాలాసేపు అటు చూసి, టోపీ సర్దుకుని, రెండో ఆట చూడకుండానే స్టేషనుకి వెళ్లిపోయాడు.

డెలానీ అక్కడికక్కడే ఓండ్రేని పనిలోంచి తీసేశాడు. ముసలాయన పీట చంకన పెట్టుకుని, "పోనీలే, నా మోకాళ్లు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి," అన్నాడు.

ఇంటికి బయల్దేరాం. మాతే తిడతాడేమోనని జుజానా ఎదురుచూస్తోంది. మేం నలుగురం కలిసే నడుస్తున్నాం.

"మూడో బేస్ వైపు తక్కువ గీశావు," అన్నాడు చివరికి.

"ఏంటీ?"

"ఇంకా అవతలికి పోయేవాణ్ని నేను. ఆంద్రెయ్‌ని అడుగు."

"పోయేవాడే," అన్నాడు ఆంద్రెయ్. "నా కాళ్ల కిందకి దూరేవాడు వెధవ."

ప్రూయిట్‌ని ఎవరూ కొనలేదు. ఆ మేక అరుపు మా ఊరితో ఆగలేదు. మూనీ ఎక్కడ తాగినా ఆ కథ చెప్పేవాడు. మరుసటి ఏడు లీగ్‌లో ఏ ఊరికి పోయినా ప్రూయిట్ నేల మీదకి రాగానే మెట్ల మీద నుంచి "మే..." అని మొదలయ్యేది. అతను భయపడి బంతుల వెంట పరిగెత్తడం మొదలుపెట్టాడు. పరిగెత్తితే ముట్టుకోవాలి, ముట్టుకుంటే జారాలి. పేపర్లో తప్పులు గుట్టపడ్డాయి. డెలానీయే తన చేత్తో అతని పేరు కొట్టేశాడు.

ఆ కబురు నేనే జుజానాకి చెప్పాను. ఆమె పెరట్లో గనివాళ్ల బట్టలు ఉతుకుతోంది. తండ్రి పని పోయాక వాళ్లకి అదే ఆధారం.

"గనిలోకి దిగాడా?" అంది.

"లేదు వదినా. ఒహాయో పోయాడట. వాళ్ల మామ బూట్ల కొట్లో కూర్చున్నాడట."

ఆమె చొక్కా పిండుతూ ఆలోచించింది.

"కొట్లో అయితే పొద్దస్తమానం వంగి వచ్చినవాళ్ల కాళ్లు పట్టుకోవాలి కదా," అన్నాను నేను, ఆమెకి కొంచెం ఊరటగా ఉంటుందని.

జుజానా ఆ చొక్కాని నీళ్లు ఒక్క చుక్క మిగలకుండా పిండి తీగ మీద వేసింది.

"చాలదు," అంది.

మార్గిత లాస్కో, వయసు డెబ్భై ఎనిమిది. ఇప్పుడు క్లీవ్‌లాండ్‌లో మా చిన్నవాడి ఇంటి మేడ మీద ఉంటున్నాను.